పదిహేను అంగుళాల పిచ్చి వదిలెయ్ బావా

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన హాలు ఫోటోలు చూశాను. టైల్స్ బాగున్నాయి, కర్టెన్లు ఇంకా బాగున్నాయి. అవి చెల్లెమ్మ ఎంపికేనని వేరే చెప్పక్కర్లేదు. స్పీకర్లూ, వాటిని నడిపే రిసీవరూ కూడా మంచివే కొన్నావు. ఇక సబ్‌వూఫర్, అదే కింది బేస్ మాత్రమే పలికే పెట్టె, దాని గురించి నువ్వు అడిగింది ఒక్కటే: పన్నెండు అంగుళాలదా, పదిహేనుదా? ఫోన్లో చెబితే సగమే వింటావు, మిగతా సగం షాపువాడి దగ్గర వింటావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సైజు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె హాల్లో ఎక్కడ కూర్చుంటుంది, నువ్వెక్కడ కూర్చుంటావు అన్నది తేలాలి. లక్ష పోసి కొన్న సబ్‌ని కూడా కుదరని మూలలో పెడితే మోత తప్ప ఇంకేం రాదు. ఓ మోస్తరుదాన్నే సరైన చోట పెట్టి సెట్టింగులు కుదుర్చుకున్నావనుకో, వచ్చినవాళ్ళు "సబ్ ఎక్కడ పెట్టావ్?" అని వెతుక్కుంటారు.

నీ హాలు 18 అడుగుల పొడవు, 12 వెడల్పు, శ్లాబు ఎత్తు 10 అన్నావు. గాల్లో శబ్దం సెకనుకి వెళ్ళే అడుగుల్లో సగం, అంటే 565ని, ఒక్కో కొలతతో భాగించి చూడు. 31, 47, 56 వస్తాయి. నీ హాలు ఏయే హెర్ట్జ్‌ల (సెకనుకి ఎన్ని కంపనలో ఆ లెక్క) దగ్గర ఎక్కువ మోగుతుందో ఆ అంకెలు చెబుతాయి. బాత్రూంలో కూనిరాగం తీస్తుంటే ఒక్క శ్రుతి దగ్గర గది మొత్తం గుయ్యిమంటుంది కదా, హాల్లోనూ అదే జరుగుతుంది. కాకపోతే గది పెద్దది కాబట్టి ఇంకా కింది స్థాయిలో. 40 హెర్ట్జ్ తరంగం పొడవే దాదాపు 28 అడుగులు. అది గోడకు కొట్టుకుని వెనక్కొచ్చి, ఎదురొచ్చేదానితో కలిసి, ఒకచోట రెట్టింపవుతుంది, ఇంకోచోట చచ్చిపోతుంది. సోఫాకి ఈ చివర కూర్చున్న మావయ్యకి గుండెలదిరిపోతుంటే, ఆ చివరనున్న అత్తయ్య "ఏదీ, నాకేం వినబడట్లేదే" అనొచ్చు. అందులో సబ్ తప్పేం లేదు.

ఇంకో మాట. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చూసి లెక్కలు వేసుకోకు. వాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు బిగించిన గోడలు. ఆ గోడలు కాస్త కదులుతాయి, బేస్‌ని కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మనవి ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, కింద టైల్స్. లోపల పుట్టిన బేస్ తొందరగా బయటికి పోదు. వాళ్ళకి చాలని సైజు మనకి ఎక్కువైపోతుంది.

చోటు వెతకడానికి ఒక పద్ధతుంది, సబ్ క్రాల్ అంటారు. చేస్తుంటే చూసేవాళ్ళకి పిచ్చెక్కిందనిపిస్తుంది గానీ దీన్ని మించినది లేదు. సోఫాలో నువ్వు కూర్చునే చోట, అచ్చం నీ సీటులోనే, సబ్‌ని ఎక్కించు. కింద పాత దుప్పటి వెయ్యి, లేకపోతే చెల్లెమ్మ ఊరుకోదు. బేస్ గిటార్ మెట్లు ఎక్కుతూ దిగుతూ వాయించే పాట ఏదైనా రిపీట్‌లో పెట్టు. ఒక్కటే దెబ్బ ధన్ ధన్ అని కొట్టే పాట పనికిరాదు, స్వరాలు మారుతూ ఉండాలి. ఇప్పుడు నువ్వు నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ, సబ్ పెట్టడానికి వీలున్న చోటల్లా తల దించి విను. మూలకి వెళ్ళగానే మోత ఎక్కువవుతుంది, అది చూసి మురిసిపోకు. ఏ చోట అన్ని స్వరాలూ ఒకే బలంతో విడివిడిగా వినిపిస్తాయో చూడు. కొన్నిచోట్ల ఒక స్వరం ఉబ్బిపోతుంది, దాని పక్కది మాయమైపోతుంది. అలాంటి చోట్లు వద్దు. మంచి చోటు దొరికితే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని, సబ్‌ని అక్కడికి దించు. సబ్, చెవి చోట్లు మార్చుకున్నా ఆ రెంటి మధ్య గది చేసే ప్రభావం మారదు, అందుకే ఇది పనిచేస్తుంది.

నీ సోఫా ఎక్కడుందో ఫోటోలో సరిగ్గా కనబడలేదు. హాలు పొడవుకి సరిగ్గా నడిమధ్యలో ఉంటే మాత్రం జరుపు. 31 హెర్ట్జ్ సరిగ్గా అక్కడే చచ్చిపోతుంది. వెనక గోడకి ఆనించావా, అన్నీ ఉబ్బిపోతాయి. వెనక గోడ నుంచి మూడో వంతు దూరంలో ఉంటే మేలు.

ఇక కొనడం. ముందు వాట్ల సంగతి. షాపులో అట్టపెట్టె మీద "10,000 వాట్స్ పీఎంపీవో" అని రంగురంగుల స్టిక్కర్లుంటాయి. క్షణకాలం ఇస్తుందని చెప్పుకునే ఆ పీఎంపీవోకి అర్థం పర్థం లేదు. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో అడుగు. నమ్మకం లేకపోతే పెట్టె వెనక్కి తిప్పి, కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో ప్లేటు మీద చూడు. గోడలోంచి 80 వాట్లు లాగే పెట్టె స్పీకర్‌కి నిలకడగా వేలకొద్దీ వాట్లు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? అలాగని అసలు వాట్ల వెంట కూడా పడకు. 100 నుంచి 150కి వెళితే పెరిగేది రెండు డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) కూడా ఉండదు. రెట్టింపు చేస్తే మూడు.

మూసిన పెట్టె తీసుకోవాలా, గొట్టం ఉన్నది తీసుకోవాలా అన్నది అసలు ప్రశ్న. గొట్టం ఉన్నదాన్ని పోర్టెడ్ అంటారు. అదే ధరకి ఎక్కువ మోత ఇస్తుంది, సినిమాల్లో పేలుళ్ళకి బాగుంటుంది, కానీ పెట్టె పెద్దది. ఏ హెర్ట్జ్‌కి ట్యూన్ చేశారో దాని కిందికి వెళితే ఠక్కున పడిపోతుంది. మూసినది చిన్నగా ఉంటుంది, కింది బేస్ నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలని మన ఇటుక గోడల గది కొంత పూడుస్తుంది. మీ ఇంట్లో పొద్దున్నే కచేరీలు, సాయంత్రం పాత పాటలు, శనాదివారాలు సినిమా. నీకైతే మూసిన పెట్టె, 10 లేదా 12 అంగుళాలది, మంచి కంపెనీది చాలు. బేరమాడి మిగిల్చిన డబ్బుతో ఒక మందపాటి తివాచీ కొను. తివాచీ బేస్‌ని ఏమీ చెయ్యదులే, కానీ ఆ టైల్స్ మీద మాటల గలగల తగ్గుతుంది. దాంతో బేస్ కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

మావయ్యకి మాత్రం ముందే చెప్పు, ఆయన 1950ల నాటి పాటలకి సబ్ వల్ల ఒరిగేదేం లేదు. ఆ రికార్డుల్లో అట్టడుగున ఉండేది ఎక్కువగా గరగర, బుర్రుమనే చప్పుడు. అవి పెట్టినప్పుడు సబ్ ఆపేసినా పర్వాలేదు. మృదంగం ఎడమ పక్క, అంటే తొప్పి, గుమ్మనేది మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అది వినడానికే నేను సబ్ పెట్టుకున్నానంటే నువ్వు నమ్మవు.

మీ తమ్ముడు అమెరికా నుంచి తెస్తానన్నాడట కదా. వద్దను. 12 అంగుళాల సబ్ ఒక్కటే ఒక చెకిన్ బ్యాగు బరువు తినేస్తుంది. పైగా అక్కడ అమ్మేవాటిలో చాలా వాటికి 120 వోల్టులే ఉంటాయి, మన 230 తగిలితే ఇక అంతే. వారంటీ సంగతి సరే సరి.

కొన్నాక సెట్టింగులు. ఇక్కడ ఓపిక పట్టు బావా, చాలామంది ఇక్కడే తుస్సుమనిపిస్తారు. సబ్ వెనక క్రాస్‌ఓవర్ నాబ్ (ఏ హెర్ట్జ్ కిందిది సబ్‌కి వెళ్ళాలో తేల్చేది) ఉంటే చివరిదాకా తిప్పెయ్, ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాల్లో విడిగా ఉండే బేస్ ట్రాక్) అనే స్విచ్ ఉంటే అక్కడ పెట్టు. ఎందుకంటే ఆ పని రిసీవర్ చేస్తుంది, ఇద్దరూ చేస్తే తేడా కొడుతుంది. వాల్యూమ్ నాబ్ సగానికి. రిసీవర్ మెనూలోకి వెళ్ళి స్పీకర్లన్నిటినీ "స్మాల్" చెయ్యి. అంత డబ్బు పెట్టి కొన్నవాటిని స్మాల్ అంటావేంటి అనుకోకు. వాటి పరువేం పోదు. 80 హెర్ట్జ్ కింది బరువంతా సబ్ మోస్తే, నీ చిన్న స్పీకర్లు గొంతుని ఇంకా తేటగా పలుకుతాయి. క్రాస్‌ఓవర్ 80 దగ్గర పెట్టు. సినిమా హాళ్ళకి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్ వాళ్ళు కూడా ఇంటి సిస్టమ్‌కి 80కే ఓటేశారు. అంతకంటే బాగా పైకి జరిపితే శబ్దం ఏ మూలనుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. "ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్" అని ఇంకో ఆప్షన్ కనబడుతుంది, దాని జోలికి పోకు. ఒకే బేస్ రెండుచోట్ల నుంచీ వచ్చి బురదబురదగా వినిపిస్తుంది.

తర్వాత మైకు పెట్టి ఆటో కాలిబ్రేషన్ నడుపు, రిసీవర్ గదిని విని తనే లెవెళ్ళు సరిచేసుకుంటుంది. ఆ సమయంలో ఫ్యాన్లు ఆపెయ్, కుక్కర్ విజిల్ రాని వేళ చూసుకో. అయ్యాక సబ్ లెవెల్ ఎంత పెట్టిందో చూడు. మైనస్ 12 దగ్గర ఆగిపోయిందంటే, అది ఇంకా తగ్గించాలనుకుని వీలుకాక ఆగిందని అర్థం. సబ్ నాబ్ తగ్గించి మళ్ళీ నడుపు. సబ్ తరంగాన్ని తిరగేసే ఫేజ్ స్విచ్‌కి ఇద్దరు కావాలి. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి నువ్వు సీట్లో కూర్చో, చెల్లెమ్మని 0కీ 180కీ మార్చమను. ఏది గట్టిగా వినిపిస్తే అది ఉంచెయ్. అంతా అయ్యాక బేస్ తక్కువనిపిస్తుంది. ఓ వారం అలాగే విను. అప్పటికీ చాలకపోతే రెండు మూడు డెసిబెల్స్ పెంచు, అంతకు మించి వద్దు.

ఇప్పుడు గలగలల సంగతి. సబ్ వచ్చాక ఇల్లంతా వాద్యగోష్ఠి మొదలవుతుంది. ఫోన్లో టోన్ జెనరేటర్ యాప్ పెట్టి, 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ గది చుట్టూ తిరుగు. ఒక అంకె దగ్గర ఫ్యాను పైన గిన్నె కిర్రుమంటుంది, దాని స్క్రూ బిగించు. ఇంకో దగ్గర షోకేసు అద్దం, దాని గాడిలో సన్నటి ఫోమ్ ముక్క దూర్చు. దేవుడి పటాల వెనక నాలుగు మూలలా రబ్బరు ముక్కలు అంటించు. అల్మరాలో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కిటికీ గడియలు కూడా చూడు. "సబ్ బాగాలేదు, చిరిగిన శబ్దం వస్తోంది" అని తిరిగిచ్చేసేవాళ్ళలో సగంమందికి అసలు దొంగ షోకేసే అయ్యుంటుందని నా అనుమానం.

ఏమీ పెట్టకుండానే బుయ్యిమని సన్నగా వస్తోందంటే అది 50 హెర్ట్జ్ హమ్. ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడు, చాలాసార్లు అక్కణ్ణుంచే వస్తుంది. రిసీవర్‌నీ సబ్‌నీ ఒకే బోర్డుకి పెట్టు. ఎవడో తెలివైనవాడు ప్లగ్గులో మూడో పిన్ను పీకెయ్యమంటాడు. ఎర్త్ తీసేస్తే ప్రాణం మీదికొస్తుంది, ఆ పని మాత్రం చెయ్యకు.

కింద అద్దెకున్నవాళ్ళతో గొడవొస్తుందేమోనని నీ భయం. సబ్ కింద మందపాటి రబ్బరు పాదాలు పెడితే నేలలోకి దిగే అదురు తగ్గుతుంది, కానీ గాల్లోంచి వెళ్ళే బేస్‌ని అది ఆపలేదు. రాత్రి పది దాటాక రిసీవర్‌లో నైట్ మోడ్ పెట్టుకో, లేదా సబ్ తగ్గించుకో.

ఎప్పటికైనా నీకు ఇంకా కావాలనిపిస్తే పెద్దది కొనకు, ఇలాంటిదే ఇంకోటి కొను. ఆడియో సామాన్లు చేసే హర్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002లో దీని మీద పరిశోధన పత్రమే రాశాడు. ఎదురెదురు గోడల మధ్య భాగాల్లో ఒక్కోటి పెడితే, రెండే అయినా సోఫాలో అందరికీ బేస్ దాదాపు సమానంగా అందుతుందని తేల్చాడు. అత్తయ్యకీ వినబడాలంటే దారి అదే.

రిసీవర్ నుంచి చాక్‌పీసు గుర్తు దాకా గోడ వెంబడి కొలిచి ఎన్ని మీటర్లో చెప్పు. కోఠీ గుజరాతీ గల్లీలో మంచి షీల్డున్న కేబుల్ చేయించి కొరియర్ చేస్తాను, అక్కడ వేలకి వేలు పోసి కొనకు. ఇంకోటి, చెల్లెమ్మ ఆ పెట్టెని చూడగానే దాని మీద పూలకుండీ పెడుతుంది. లోపల ఆంప్లిఫయర్ ఉంటుంది, నీళ్ళు కారతాయని ముందే చెప్పి ఉంచు. టేబుల్ క్లాత్‌కి ఒప్పుకో, వెనక వైపు కప్పకుండా ఉంటే చాలు.

ఉంటాను మరి. కొలతలు మర్చిపోకు.

నీ బావ