ఆకు ఏదో తేల్చేది కన్ను

సంపాదకులు గారికి,

మీ విద్యార్థి పేజీలో ఇంటర్ బైపీసీ పిల్లల కోసం ఇచ్చిన ఆకుల పాఠం మా అమ్మాయి చదువుతుంటే నేనూ చూశాను. భల్లాకారం, హృదయాకారం, హస్తాకారం, పిచ్ఛాకారం, పాదాకారం... పేర్లన్నీ వరసగా ఉన్నాయి, బొమ్మ ఒక్కటీ లేదు. కడియపులంకలో మొక్కల మధ్యే పెరిగినవాణ్ని, నాకే తల తిరిగింది. అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లల సంగతి ఇక చెప్పాలా?

ఈ పేర్లకంటే ముందు అసలు ఆకు ఏదో చెప్పాలి. గులాబీకి అంటు కట్టే మా పనివాళ్లకు అది బాగా తెలుసు. గులాబీలో ఒకే ఈనెకు ఐదో ఏడో చిన్నాకులు ఉంటాయి. వాటి మొదట్లో ఎక్కడా కన్ను, అంటే కొత్త కొమ్మ మొలిచే మొగ్గ, ఉండదు. ఆ ఈనె కొమ్మకు అతుక్కున్న మూలలోనే ఉంటుంది. దాన్నే బెరడుతో సహా చెక్కి, నాటు గులాబీ మీద కోత పెట్టి, అందులో దూర్చి టేపు చుడతారు. కన్ను ఉండేది ఆకు మొదట్లోనే కాబట్టి ఆ ఈనె మొత్తం కలిపి ఒకటే ఆకు. వేపా అంతే. నిమ్మది ఇంకో తమాషా. ఒంటి ఆకే అయినా కాడ చివర అతుకు ఉంటుంది కాబట్టి శాస్త్రం దాన్నీ సంయుక్త పత్రం, అంటే చిన్నాకులు కలిసిన ఆకు, కిందే కడుతుంది. పంపరపనసలో ఆ కాడకే వెడల్పాటి రెక్కలొస్తాయి.

హస్తాకారానికి బూరుగ చాలు, చిన్నాకులన్నీ కాడ కొసన ఒక్కచోటి నుంచే వస్తాయి. పాదాకారంలో అలా కాదు, మధ్యది విడిగా వస్తే పక్కవి ఒకదాని మొదట్లోంచి ఇంకొకటి చీలుతూ పోతాయి. ఇందుకు మేం అమ్మే సింగోనియం అనే తీగ మొక్క మంచి ఉదాహరణ. లేతగా ఉన్నప్పుడు బాణం మొనలా ఉండే ఆకు, తీగ చెట్టెక్కి ముదిరాక ఇలా చీలుతుంది. 'వేరే మొక్క అంటగట్టారు' అని పోట్లాడిన కస్టమర్లూ ఉన్నారు!

జంతుశాస్త్రంలోనూ ఇదే తంతు. మిథ్యాపాదాలు, పార్శ్వపాదాలు, నాళికా పాదాలు అని రకరకాల కాళ్ల పేర్లు బట్టీ పట్టిస్తారు కానీ నిమ్మ మొక్క మీది గొంగళి పురుగును తిప్పి చూపించరు. ముందున్న మూడు జతలే అసలు కాళ్లు. వెనకవి ఐదు జతల కండ ముద్దలు, సీతాకోకచిలుక అయ్యాక ఉండవు. ఆవ, ముల్లంగి ఆకులు తినే నల్ల పురుగుకైతే అవి ఎనిమిది జతలు. అది సీతాకోకచిలుక జాతే కాదు, గొంగళి పురుగుల కోసం కొట్టే బీటీ (బ్యాక్టీరియాతో చేసిన) మందు దాని మీద పనిచేయదు. ఆ లెక్క తెలియక డబ్బు తగలేసుకునే రైతులున్నారు.

దయచేసి ఇలాంటి పాఠాలకు మన పెరటి మొక్కల ఫొటోలు వేయండి. కుండీల్లో దొరికేవన్నీ లేత సింగోనియాలే. మీ ఫొటోగ్రాఫర్ ఇటు వస్తే మా కొబ్బరిచెట్టుకు పాకిన ముదురు తీగ చూపిస్తాను.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు,
కడియపులంక, తూర్పుగోదావరి జిల్లా