కొరియర్ పేరుతో మీ లోన్ కాల్స్: ఫిర్యాదు

రాజమహేంద్రవరం

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: తప్పుడు పేరు, తప్పుడు నంబర్లతో మీ కంపెనీ తరఫున వస్తున్న కాల్స్ గురించి.

అయ్యా,

మా అమ్మకి డయాలిసిస్ జరుగుతోంది. రక్తం తగ్గకుండా ఆవిడకి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు హైదరాబాద్ నుంచి ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో కొరియర్‌లో తెప్పిస్తాం. అవి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, చేతికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అందుకే కొరియర్ ఫోన్ అంటే మా ఇంట్లో ఏ పనిలో ఉన్నా వదిలేసి తీస్తాం.

ఆ పేరునే మీ వాళ్లు వాడుకున్నారు. ఈ ఏప్రిల్‌లో తొమ్మిది రోజుల్లో అమ్మ ఫోన్‌కి మీ పర్సనల్ లోన్ గురించి 11 కాల్స్ వచ్చాయి. ఒక్కటి తప్ప అన్నీ మామూలు పది అంకెల మొబైల్ నంబర్లే. స్క్రీన్ మీద మాత్రం "కొరియర్ డెలివరీ" అని పడేది. తీస్తే, "అమ్మా, మీకు మూడు లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది" అనేవారు. వంటింట్లోంచి గోడ పట్టుకుని నడిచొచ్చే మనిషి ఆవిడ. ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమ చేతిని ఒంటికి ఆనించుకుని, కుడి చేత్తోనే గోడ పట్టుకోవాలి. అలా ఐదుసార్లు లేచింది. ఆ తర్వాత ఆ పేరు కనిపిస్తే తీయడం మానేసింది.

22వ తేదీ మధ్యాహ్నం నిజంగానే కొరియర్ అబ్బాయి చేశాడు, మూడుసార్లు. అమ్మ తీయలేదు. డబ్బా వెనక్కి వెళ్లి మర్నాడు సాయంత్రం దాకా కొరియర్ వాళ్ల రేకుల షెడ్డులో ఉండిపోయింది. నేను తెచ్చి విప్పేసరికి ఐస్ ప్యాకులు పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉన్నాయి. డాక్టరు గారు వాడొద్దన్నారు. నాలుగు ఇంజెక్షన్లూ పారేశాం. కొత్తవి వచ్చేదాకా మేం పడ్డ టెన్షన్ మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీ కస్టమర్ కేర్‌కి చెబితే "అది డీఎస్ఏ చేసిన పని మేడమ్, మాకు సంబంధం లేదు" అన్నారు. ఎలా లేదు? డీఎస్ఏ అంటే మీ లోన్లు అమ్మిపెట్టే ఏజెంటే కదా. డీఎస్ఏ చేసే పనులకి మీలాంటి ఫైనాన్స్ కంపెనీయే (ఎన్‌బీఎఫ్‌సీ) బాధ్యత వహించాలని రిజర్వ్ బ్యాంక్ అవుట్‌సోర్సింగ్ నిబంధనల్లో ఉంది. ప్రచార కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లే వాడాలని 2025 జనవరి 17 సర్క్యులర్‌లో కూడా చెప్పింది. మామూలు పది అంకెల నంబర్లతో ప్రచారం కుదరదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలూ అంటున్నాయి. 140 పెట్టిందే ఎత్తాలో వద్దో నంబర్ చూసి మనిషి తేల్చుకోవడానికి. 140 కనిపించి ఉంటే అమ్మ లేచేదీ కాదు, అసలు కొరియర్‌ని అనుమానించేదీ కాదు.

మిగిలిన ఆ ఒక్క కాల్ 0883తో, అంటే మా ఊరి ల్యాండ్‌లైన్ కోడ్‌తో వచ్చింది. తిరిగి చేస్తే ఆ నంబర్ ఉపయోగంలో లేదంది. తమకి కేటాయించని నంబర్ వాడినా, నంబర్‌ని తారుమారు చేసినా 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఆ కాల్ ఎవరు, ఎక్కడి నుంచి చేశారో మీరు తేల్చి చెప్పాలి.

అమ్మ నంబర్‌ని మీ జాబితాల్లోంచీ మీ ఏజెంట్ల జాబితాల్లోంచీ తీసేయండి. అది మీకు ఎక్కడ దొరికిందో చెప్పండి. మీ కోసం కాల్స్ చేసే ఏ నంబరూ కొరియర్ పేరుతో ఉండకుండా చూడండి. పాడైన ఇంజెక్షన్ల ఖరీదు ఇవ్వండి. ప్రచార కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909 నంబర్‌కి గడువులోనే ఫిర్యాదు చేశాను. 30 రోజుల్లో మీ నుంచి సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను.

కాల్స్ వచ్చిన తేదీలు, నంబర్లు, స్క్రీన్‌షాట్లు, ఇంజెక్షన్ల బిల్లు, డాక్టరు గారి చీటీ జతచేశాను. జవాబు ఫోన్‌లో చెప్పొద్దు, రాసి పంపండి.

భవదీయురాలు