వార్షిక నివేదిక (2024-25)

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, తిరుపతి నగరంతో పాటు చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరుల నుంచి శ్రమ తీసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని నియమావళి ప్రకారం ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

మన ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది మన పని అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. మన దేశంలో తయారైన ఆయుధం ఏ దేశానికి, ఎంత మేరకు, ఏ షరతుల మీద వెళ్తున్నదో ఏటా పార్లమెంటు ముందుకు రావాలని మనం అడుగుతున్నాం. 2013-14లో 686 కోట్ల రూపాయలుగా ఉన్న రక్షణ ఎగుమతులు 2023-24కు 21,083 కోట్లకు, 2024-25కు 23,622 కోట్లకు పెరిగాయి. 2029 నాటికి వాటిని 50,000 కోట్లకు చేర్చాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఈ ఏడాది 1,762 ఎగుమతి అనుమతులు ఇచ్చామని, సుమారు 80 దేశాలకు సరుకు వెళ్ళిందని రక్షణ శాఖ ప్రకటించింది కానీ, ఏ దేశానికి ఏది వెళ్ళిందో తెలిపే పట్టికను ఆ ప్రకటనకు జతచేయలేదు.

మనం ఆయుధాల తయారీకే వ్యతిరేకులమని ఊళ్ళో కొందరు అనుకుంటున్నారు. అది నిజం కాదు. మన సభ్యుల్లోనే సైన్యంలో పనిచేసి వచ్చిన వారున్నారు. నియంత్రణ చట్టాలు మన దేశానికి లేవనీ మనం అనడం లేదు. 1992 విదేశీ వాణిజ్య చట్టం ఉంది, దాని కింద ఎగుమతికి అనుమతి తప్పనిసరైన వస్తువుల స్కోమెట్ జాబితా ఉంది, ఆయుధాల, సైనికంగానూ వాడగల వస్తువుల ఎగుమతులపై నియంత్రణ పాటించే దేశాల బృందమైన వాసెనార్ ఏర్పాటులోనూ 2017 డిసెంబరులో భారతదేశం చేరింది. అనుమతి ఇచ్చే యంత్రాంగం ఉన్నప్పుడు, ఇచ్చిన అనుమతుల లెక్క బయటపెట్టడం అసాధ్యమేమీ కాదన్నదే మన వాదన.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం డిసెంబరు 24న జరిపిన ఒకరోజు సదస్సు. దేశాల మధ్య ఆయుధాల అమ్మకానికి నియమాలు పెట్టే ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చి ఆ రోజుకు సరిగ్గా పదేళ్ళు. 2013 ఏప్రిల్ 2న ఐరాస సర్వసభ్య సభలో 154 దేశాలు ఆ ఒప్పందానికి అనుకూలంగా ఓటు వేయగా, మూడు దేశాలు వ్యతిరేకించాయి, 23 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఆ తటస్థ దేశాల్లో మనదీ ఒకటి. ఉగ్రవాదుల చేతికి ఆయుధాలు చేరకుండా ఆపడంలో ఒప్పందం బలహీనంగా ఉందని, ఎగుమతి చేసే దేశాల వైపు మొగ్గు చూపుతోందని మన ప్రభుత్వం అప్పట్లో చెప్పిన అభ్యంతరాలను కూడా సదస్సులో పూర్తిగా చదివి వినిపించాం. వాటిలో బలం లేకపోలేదు. అయినా నరమేధానికి వాడతారని తెలిసి ఆయుధాలు పంపరాదన్న ఆరవ అధికరణానికి, ఏటా నివేదిక ఇవ్వాలన్న పదమూడవ అధికరణానికి ఆ అభ్యంతరాలు అడ్డు కావని నా నమ్మకం.

సభికుల మనసుకు హత్తుకున్నది మాత్రం అటవీ శాఖలో పదవీ విరమణ చేసిన మన సభ్యులు ఒకరు చెప్పిన మాట. శేషాచలంలో పట్టుబడ్డ ఎర్రచందనం దుంగ ఒక్కొక్కదానికీ నంబరు వేసి, పొడవు, చుట్టుకొలత, బరువు రిజిస్టరులో ఎలా ఎక్కించేవారో ఆయన సుద్దముక్కతో బోర్డు మీద గళ్ళు గీసి చూపించారు. చివరి గడిలో "ఎవరికి చేరింది" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. "చెట్టుకే ఇంత లెక్క రాశాం, తుపాకీకి రాయలేమా?" అని ఆయన అడిగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. కొన్న దేశం సరుకును మరొకరికి మళ్ళించబోమని రాసిచ్చే తుది వినియోగ ధ్రువపత్రం ఎందుకు అవసరమో ఆ తర్వాత ఎవరికీ విడిగా వివరించాల్సిన పని పడలేదు.

స్వీడన్ ప్రభుత్వం 1980ల నుంచీ తన పార్లమెంటుకు ఏటా ఆయుధ ఎగుమతుల నివేదిక ఇస్తోంది. బ్రిటన్ నుంచి ఇరాక్‌కు జరిగిన ఎగుమతుల వ్యవహారంపై 1996లో న్యాయమూర్తి స్కాట్ విచారణ నివేదిక వెలువడ్డాక, 1997 సంవత్సరపు లెక్కలతో మొదలుపెట్టి బ్రిటన్ కూడా ఏటా ప్రచురిస్తోంది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలన్న పిటిషన్‌ను 2024 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు విదేశాంగ విధానం తన పరిధిలోనిది కాదంటూ కొట్టివేసింది. కాబట్టి మనం వెళ్ళవలసిన దారి పార్లమెంటు సభ్యుల ద్వారానే.

ఇక సమాచార హక్కు దరఖాస్తు సంగతి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, దేశాలవారీ విలువలు మాత్రమే అడుగుతూ ఒక కేంద్ర కార్యాలయానికి రాశాం. చట్టం పెట్టిన ముప్పై రోజుల గడువు దాటాక వచ్చిన జవాబు మూడే వాక్యాలు. మొత్తం విలువ పత్రికల్లో వచ్చిందేనని, మిగతాది దేశ భద్రతకు, విదేశీ సంబంధాలకు హాని కలిగించే సమాచారాన్ని మినహాయించే సెక్షన్ 8(1)(ఎ) కింద ఇవ్వలేమని అందులో ఉంది. ఒక్కొక్క అంశానికీ ఎందుకు ఇవ్వలేరో రాసే ఓపిక కూడా ఆ కార్యాలయానికి లేకపోవడం బాధ కలిగించింది. ప్రథమ అప్పీలు వేశాం.

మరో బాధ కూడా చెప్పక తప్పదు. సదస్సు పనులకు పన్నెండు మంది పేర్లు ఇచ్చారు, ఆ ఉదయం వచ్చినవారు నలుగురు. ధనుర్మాసపు చలిలో కుర్చీలు దింపింది, బ్యానరు కట్టింది, భోజనాల దగ్గర వడ్డించింది ఆ నలుగురే. రాలేకపోతే ముందురోజు ఒక ఫోను చేసినా వేరేవారిని చూసుకునేవాళ్ళం. ఆహ్వానం స్వయంగా అందుకున్న అధికారులు ఇద్దరూ రాలేదు, కబురూ పంపలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ పూర్తయింది. ఓచర్లన్నీ బల్ల మీద ఉన్నాయి, ఏ సభ్యుడైనా చూడవచ్చు.

హాలు అద్దె తగ్గించిన యజమానికి, కరపత్రాలు అరువు మీద అచ్చువేసిన ప్రెస్సు వారికి, భోజనాలు వండిపెట్టిన మహిళా సభ్యులకు, యుద్ధ ట్యాంకుల నుంచి క్షిపణుల దాకా, దేశాలు తమ ఆయుధాల ఎగుమతి దిగుమతులను తెలిపే ఐరాస రిజిస్టరులోని ఏడు వర్గాలను గుడ్డ మీద బొమ్మలు వేసి చూపిన డిగ్రీ విద్యార్థులకు, ఆ నలుగురు కార్యకర్తలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

పార్లమెంటు సభ్యులకు ఇవ్వవలసిన వినతిపత్రం ముసాయిదా ఈ నివేదిక వెనుక పేజీలో ఉంది. దయచేసి చదివి, సవరణలుంటే రాసి, సంతకం చేసి ఈ సాయంత్రమే నాకు అందజేయండి.

ఇట్లు,
కార్యదర్శి