పంట్లాం ముందా, ప్యాంటు ముందా?

సంపాదకులకు,

‘ప్యాంటు’ అనడానికి నోరు తిరగక మన పెద్దలు ‘పంట్లాం’ అన్నారని చాలామంది రాస్తుంటారు. వరస తలకిందులైంది. ఇంగ్లీషులో అసలు మాట పాంటలూన్స్. దాన్ని కత్తిరించి ప్యాంట్స్ చేసింది 19వ శతాబ్దం తొలి సగంలో అమెరికావాళ్లు. పంట్లాం ఆ నిండు మాటకు తెలుగు రూపం. హిందీ, ఉర్దూల్లో అదే పత్లూన్. మనకు చివర ‘ము’ చేరి, బొత్తాము–బొత్తాలు లాగా పంట్లాము–పంట్లాలు అయింది.

మాట పుట్టిల్లు వెనిస్. ఆ ఊళ్లో సెయింట్ పాంటలియోన్ పేరుకు ఆదరణ ఎక్కువ. 16వ శతాబ్దపు ఇటలీ హాస్యనాటకాల్లో పిసినారి ముసలి వెనిస్ వర్తకుడి పేరు పాంటలోనే. నల్లటి పై అంగీ, కాళ్లను పట్టి ఉండే ఎర్రటి తొడుగు అతని వేషం. ఆ పేరే ఫ్రెంచివారి నోట బట్టకు అంటుకుంది. అదీ ఒకే తీరు బట్టకు కాదు. 1660ల ఇంగ్లండులో పాంటలూన్లంటే వదులుగా వేలాడే పొట్టివి. 1790లకు చీలమండ దాకా బిగుతుగా దిగి, అడుగున గుండీలతోనో పాదం కింద పట్టీతోనో నిలిచేవి. ఆ తర్వాతే మామూలు పొడుగు లాగుకు ఆ పేరు స్థిరపడింది. (నిక్కరుదీ ఇలాంటి పుట్టుకే: 1809లో న్యూయార్క్ మీద వచ్చిన ఒక హాస్య చరిత్రకు కర్తగా కల్పించిన నికర్‌బాకర్ అనే డచ్చి పెద్దమనిషి పేరది.)

పాత రచనలకు అర్థాలు రాసేవారు ఇజారు, పైజామా, పంట్లాం మూడింటికీ ‘ప్యాంటు’ అని సరిపెడుతున్నారు. ఇజారు అరబ్బీ మాట. అక్కడ అది నడుముకు చుట్టుకునే గుడ్డ. హజ్ యాత్రలో మగవారు ఇప్పటికీ కుట్టని ఇజారే కడతారు. మన దేశంలో అది కుట్టిన లాగు అయింది. పైజామా పారసీ: పాయ్ అంటే కాలు, జామా అంటే దుస్తు. దానికి నడుము అంచు మడిచి నేఫా కుట్టి, అందులో బొందు దూరుస్తారు. రెండు కాళ్ల నడుమ మియానీ ముక్క వేస్తారు. అది లేకుండా తిన్నగా కుట్టేస్తే గొంతుక్కూర్చోగానే పిగులుతుంది. పంట్లాంలో ఆ పని ముందు, వెనక భాగాల కత్తిరింపులోని వంపే చేస్తుంది. వెనక వంపు లోతుగా ఉండాలి. నడుముకు పట్టీ, ముందు చీలిక, దానికి గుండీలు వస్తాయి. బొందుతో పని లేదు.

కాబట్టి కథలో ఎవరైనా ఇజారు బొందు బిగించుకుంటుంటే, దయచేసి అడుగున ‘ప్యాంటు’ అని అర్థం వేయకండి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం