కొత్త లేఔట్లలో ముందు నడిచే దారి గీయండి

సంపాదకులకు నమస్కారం,

తిరుపతి చుట్టూ, అటు చంద్రగిరి దాకా ఇటు రేణిగుంట దాకా కొత్త లేఔట్లు వస్తూనే ఉన్నాయి. ఏ బ్రోచర్ చూసినా 40 అడుగుల రోడ్లు, ఆర్చి, కార్ పార్కింగ్. పాల ప్యాకెట్ కోసం ఎంత దూరం పోవాలి, మూడో తరగతి పిల్ల ఒక్కతే బడికి నడిచి వెళ్లగలదా, ఇది మాత్రం ఎందులోనూ ఉండదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) గానీ ప్రభుత్వం గానీ ఇక్కడ ఒక మోడల్ టౌన్‌షిప్ కడితే, ప్లాన్‌లో మొదటి గీత నడిచే మనిషి కోసం గీయాలి, కార్ల సంగతి ఆ తర్వాత.

ఇది మనకు కొత్తేం కాదు. 1130లో రామానుజాచార్యులు ఈ ఊరికి పునాది వేశారని ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజు చేసుకుంటున్నాం కదా. గోవిందరాజస్వామి గుడి, కోనేరు, మాడ వీధులు, అంగళ్లు, ఇళ్లు అన్నీ నడిచేంత దగ్గరే. ఆ వీధుల్లో ఉండేవాళ్లకి ఇప్పటికీ ఉప్పూ పప్పుకి బండి తీసే పనే లేదు.

కొత్త కాలనీల్లో ఫుట్‌పాత్ లేదని కాదు. మా వీధిలోనూ ఉంది, కాకపోతే ప్రతి గేటు దగ్గరా ర్యాంపు కోసం తెగిపోతుంది, ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఒకచోట పగిలిన డ్రైనేజీ మూత, ఆ పక్కనే అడ్డంగా పెట్టిన బైకులు. మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ విసిగిపోయి చివరికి రోడ్డు మీదికే వస్తుంది, వెనకనుంచి ఆటోవాళ్ల హారన్లు. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్‌కి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. కొత్తగా వేసే చోట ఇది పాటించడానికి అడ్డేముంది?

వెడల్పు ఒక్కటే చాలదు, మే నెల ఎండకు నీడ కావాలి. కానుగో వేపో రోడ్డు వేసే రోజే నాటాలి. తోపుడు బండ్లకూ చోటు ప్లాన్‌లోనే చూపించాలి, వాళ్లకోసం 2014లో చట్టమే వచ్చింది. చెన్నై పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు, పండక్కి బట్టలు కొనడానికి అక్కడికి వెళ్లే మనవాళ్లని అడిగినా చెప్తారు, అక్కడ నడవడం ఎంత హాయిగా ఉంటుందో.

ఇంకో ముఖ్యమైన సంగతి నీళ్లు. 2021 నవంబరు వానలకి కాలనీలకి కాలనీలే మునిగాయి. కొండమీంచి దిగే నీళ్లకి దారి వదలకుండా వాగుల్నీ చెరువుల్నీ ప్లాట్లు చేస్తే ఇంకేమవుతుంది? వాగును వాగుగానే ఉంచి, గట్టు వెంట నడిచే బాట వేస్తే ఊరికి అదే పార్కు. చట్టం అడిగే ఖాళీ స్థలాన్ని ఏ మూలకో తోసేసి, పార్కు అని బోర్డు పెట్టే పద్ధతి ఇకనైనా ఆగాలి.

ఆమోదం ఇచ్చే ముందు ఆ ప్లాన్‌ని తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా గ్రామ, వార్డు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టండి. బడి ఎంత దూరం, బస్సు స్టాపు ఎంత దూరం, ఆస్పత్రి ఎంత దూరం, నడిచి వెళ్తే ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో రాసి ఉండాలి. అభ్యంతరాలు చెప్పడానికి మాకు నెల రోజులు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి