కాకినాడ దాకా ఎందుకు వెళ్లామంటే

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలు తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదు. గుండె పట్టేస్తోందనేది, అరికాళ్లు మంటలనేది. ఈసీజీ తీయించాం, సెలైన్లు ఎక్కించాం, తాయెత్తు కట్టించాం. మూడేళ్లు అలాగే పోయాయి. మానసిక డాక్టరుకు చూపిద్దామని నేనే నోరు తెరిచి అనలేకపోయాను, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. అప్పుడు దాని కూతురికి సంబంధాలు చూస్తున్నాం.

ఆ మధ్య మా అమ్మాయి దగ్గరకు లాస్ ఏంజెలెస్ వెళ్లాను. 1979 విప్లవం తర్వాత ఇరాన్ వదిలి వచ్చినవాళ్లు అక్కడ చాలామంది. పక్క వాటాలో ఒక ఇరానీ పెద్దావిడ. ఆమెకూ గుండెలో నొప్పే, పరీక్షల్లో ఏమీ తేలేది కాదు. దిగులుకైనా, బెంగకైనా, ఒంట్లో నలతకైనా ఆమె నోట ఒకటే మాట, ‘నారాహతీ’. ఇంగ్లీషు డాక్టరు దగ్గర లోపలి బాధ చెప్పుకోవడానికి మాట రాదు. ఫార్సీ వచ్చిన డాక్టరు దగ్గరకు వెళితే తమవాళ్లకు తెలిసిపోతుందని భయం. ‘ఆబెరూ’ పోతుందంటుందని ఆమె కూతురు చెప్పింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. మా నాయనమ్మ అనే ‘ఆబోరు’ అదే కదా! పరువు. ఫార్సీలో పుట్టి మన ఇళ్లదాకా వచ్చిన మాట.

తిరిగి రాగానే చెల్లెల్ని బయల్దేరదీశాను. అమలాపురంలో ఎవరైనా చూస్తారని, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాం. ఓపీ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. కువైట్‌లో పడ్డ బాధలు ఆ రోజు డాక్టరు ముందు చెప్పింది. నాకూ అంతవరకు తెలియనివి. మందులు వాడుతోంది. నాలుగు నెలలకు రాత్రుళ్లు కాస్త కన్ను మూతపడుతోంది.

వైద్యం వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి ముందే తెలిసుంటే ఆ మూడేళ్లు పోయేవి కావు. మనసులో బాధ ఫోన్‌లో చెప్పుకుని సలహా అడగడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, 2022 నుంచి ఉంది. రాత్రైనా పగలైనా, తెలుగులోనే, డబ్బు లేకుండా మాట్లాడవచ్చు. గల్ఫ్ పనుల ప్రకటనలు పడే పేజీలోనే ఈ నంబరు కూడా రోజూ వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. వెళ్లేవాళ్లూ, వెళ్లొచ్చినవాళ్లూ చూసే పేజీ అదే.

ఈ ఉత్తరం రాయమన్నది మా చెల్లెలే. పేర్లు మాత్రం వద్దంది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు, కోనసీమ