రెండో గడిలో 8.8.8.8 పెట్టకు

చెన్నై,
శనివారం.

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. బెంగళూరు పీన్యాలోని మీ ఆఫీసులో శుక్రవారం బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మార్చారు. అప్పట్నుంచి సర్వర్‌లోకి మెయిళ్లు ఒకసారి దిగుతున్నాయి, ఇంకోసారి 'హోస్ట్ నాట్ ఫౌండ్' అంటోంది. ఫోన్లలో మాత్రం నెట్ బాగానే ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం పాస్‌వర్డ్ మీద లేదు, మెయిల్ ప్రోగ్రామ్ మీదా లేదు. మీ సర్వర్‌లోని డీఎన్‌ఎస్, అంటే పేరు చెబితే దాని అంకెల చిరునామా (ఐపీ) వెతికిపెట్టేది, ఇంకా పాత కంపెనీ వాళ్లనే అడుగుతోంది.

అన్నిటికంటే ముందు, ఫోన్లోనే వెబ్‌మెయిల్ తెరిచి మెయిల్‌బాక్స్ ఎంత నిండిందో చూడు. మీది పాప్ పద్ధతి కదా, మీ మెయిల్‌బాక్స్ నడిపే హోస్టింగ్ వాళ్ల దగ్గర్నుంచి మెయిళ్లు దించుకోవడం; దిగని మెయిల్ వాళ్ల దగ్గరే ఉంటుంది, పోదు. కానీ కోటా నిండిందంటే కొత్తగా వచ్చేవి పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. ఆర్డర్లన్నీ మెయిల్లోనే వచ్చే చోట అది చిన్న నష్టం కాదు. నిండుతోందనిపిస్తే పెద్ద అటాచ్‌మెంట్లు వేరేగా దించుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే తీసెయ్యి.

ఇక సర్వర్ దగ్గర కమాండ్ ప్రాంప్ట్ తెరువు. ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మెయిల్ ప్రోగ్రామ్‌లో పాప్ సర్వర్ పేరు ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే కొట్టు. 'టైమౌట్ వాజ్ 2 సెకండ్స్' అని రావచ్చు. తర్వాత అదే వరసకి చివర ఇంకో ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి మళ్లీ కొట్టు. 8.8.8.8 అంటే ఎవరైనా వాడుకోగల గూగుల్ డీఎన్‌ఎస్, కాబట్టి ఈసారి ప్రశ్న మీ సర్వర్ డీఎన్‌ఎస్‌కి పోకుండా నేరుగా బయటికి వెళ్తుంది. ఇక్కడ చిరునామా ఠక్కున వచ్చి, మొదటిసారి రాలేదంటే లోపం మీ సర్వర్‌లోనే. రెండుసార్లూ ఒకే సరైన చిరునామా వస్తే డీఎన్‌ఎస్‌ని వదిలేసి, పాప్ మెయిళ్లు దిగే ద్వారం, అంటే 995 పోర్ట్, తెరుచుకుంటోందో లేదో చూడు. రెండుసార్లూ పాత చిరునామానే వస్తే డొమైన్ రికార్డే తప్పు, హోస్టింగ్ వాళ్లతో మాట్లాడాలి. 'నాన్ అథారిటేటివ్ ఆన్సర్' అని కనబడితే కంగారుపడకు, అది ఎర్రర్ కాదు.

అసలు సంగతి ఫార్వర్డర్లలో ఉంటుంది. మీ సర్వర్‌కి ఆఫీసు లోపలి పేర్లు మాత్రమే తెలుసు, బయటి పేరు వస్తే ఫార్వర్డర్ల పట్టికలో ఉన్నవాళ్లను అడుగుతుంది. అందులో పాత కంపెనీ చిరునామాలు రెండు ఉండి ఉంటాయి. ఇంటర్నెట్ కంపెనీల డీఎన్‌ఎస్‌లు మామూలుగా తమ కస్టమర్లకే జవాబిస్తాయి, మీరిప్పుడు బయటివాళ్లు. విండోస్ సర్వర్ ఒక్కో ఫార్వర్డర్ కోసం మామూలుగా 3 సెకన్లు ఎదురుచూస్తుంది. ఇద్దరూ పలక్కపోతే 6 సెకన్లు అక్కడే పోతాయి. ఆ తర్వాత ఇంటర్నెట్ పేర్లన్నిటికీ మొదలైన రూట్ సర్వర్ల నుంచి తనే వెతుక్కుంటుంది, కానీ ఈలోగా మెయిల్ ప్రోగ్రామ్ విసిగి 'హోస్ట్ నాట్ ఫౌండ్' అనేస్తుంది. ఆలస్యంగా దొరికిన జవాబు క్యాష్‌లో, అంటే సర్వర్ కొంతసేపు గుర్తుపెట్టుకునే చోట, ఉంటుంది కాబట్టి తర్వాతి ప్రయత్నంలో మెయిళ్లు దిగుతాయి. ఆ రికార్డు గడువు తీరగానే కథ మొదటికి వస్తుంది. నువ్వు 'ఒకసారి దిగుతాయి, ఒకసారి దిగవు' అన్నది ఇదే.

సరిచేయడానికి డీఎన్‌ఎస్ మేనేజర్‌లో సర్వర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫార్వర్డర్స్ తెరువు. పాతవి కాగితం మీద రాసుకుని తీసేసి, 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది), 8.8.8.8 చేర్చు. మళ్లీ రైట్ క్లిక్ చేసి క్లియర్ క్యాష్ నొక్కు. చివరగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్‌ఎస్.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు నువ్వు చెయ్యొద్దు తల్లీ. సర్వర్ నెట్‌వర్క్ కార్డులో డీఎన్‌ఎస్ రెండో గడి ఖాళీగా కనబడితే చెయ్యి ఊరుకోదు, 8.8.8.8 పెట్టాలనిపిస్తుంది. మీది డొమైన్ కంట్రోలర్, అంటే ఆఫీసులో అందరి లాగిన్‌లూ చూసే సర్వర్, అదీ ఒక్కటే. ఆ కార్డులో దాని సొంత చిరునామా తప్ప ఇంకోటి ఉండకూడదు. రెండో గడి నింపితే, మొదటిది ఒక్క క్షణం తడబడినా విండోస్ రెండోదాని దగ్గరికి పోయి కాసేపు అక్కడే ఉండిపోతుంది. బయటివాళ్లకు మీ లోపలి పేర్లు తెలియవు, 'అలాంటి పేరే లేదు' అంటారు. అదీ ఒక జవాబే కాబట్టి విండోస్ మళ్లీ మొదటిదాన్ని అడగదు. మెయిళ్లు దిగుతాయి గానీ లాగిన్‌లు నత్తనడక నడుస్తాయి, అకౌంట్స్ వాళ్లకు ట్యాలీ ఫోల్డర్ కనబడదు. స్టాఫ్ కంప్యూటర్లలో ఎవరైనా 8.8.8.8 పెట్టేసి ఉంటే అవీ తీసెయ్యి. కొత్త రూటర్ తనే డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ చిరునామా, డీఎన్‌ఎస్ వాటంతట అవే ఇచ్చే పద్ధతి) పంచుతోందేమో కూడా చూడు, పంచుతుంటే ఆపెయ్యి. స్టాఫ్ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొడితే 'డీహెచ్‌సీపీ సర్వర్' వరసలో ఎవరిస్తున్నారో తెలిసిపోతుంది.

మెయిల్ ప్రోగ్రామ్‌లో పేరుకు బదులు ఐపీ చిరునామా రాసెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 995లో సర్వర్ అసలుదేనని చూపే సర్టిఫికెట్ పేరు మీద ఉంటుంది, చిరునామాతో సరిపోదు. హోస్టింగ్ వాళ్లు చిరునామా మార్చిన రోజు మళ్లీ ఆగిపోతుంది.

అంతా అయ్యాక అదే ప్రాపర్టీస్‌లో మానిటరింగ్ ట్యాబ్‌లో రెండు పరీక్షలున్నాయి. సింపుల్ అన్నది లోపలి పేర్లకు, రికర్సివ్ అన్నది బయటివాటికి. రెండూ టిక్ పెట్టి టెస్ట్ నౌ నొక్కు. సింపుల్ పాసై రికర్సివ్ ఫెయిలైతే కొత్త రూటర్ ఫైర్‌వాల్ డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే పోర్ట్ 53ని ఆపుతోందేమో చూడాలి, యూడీపీ, టీసీపీ రెండు పద్ధతుల్లోనూ.

మొదటిసారి ఆగినవన్నీ ఒక్కసారిగా దిగుతాయి, మధ్యలో ఆపకు. అది నడుస్తుంటే నువ్వు వెళ్లి అన్నం తినిరా. ఆ రికర్సివ్ పరీక్షలో పాస్ వచ్చిందో ఫెయిల్ వచ్చిందో రాత్రికి చెప్పు.

నాన్న